హెచ్‌ఐవీ, కాంప్లిమెంట్ వ్యవస్థ: రక్షణ సడలే రోగనిరోధక కణాలు

రక్తంలో నిరంతరం తిరిగే కాంప్లిమెంట్ ప్రోటీన్లకు శరీరానికి చెందినదేదో, బయటి నుంచి వచ్చినదేదో వాటంతట వాటికి తెలియదు. వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే సీ3 ప్రోటీన్ లీటరు రక్తద్రవంలో సుమారు ఒక గ్రాము, అంతకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. అందులో కొద్ది భాగం ఏ ప్రేరణా లేకుండానే నీటితో చర్య జరిపి చురుకైన రూపంలోకి మారుతుంటుంది. దాని చొరవతో చీలిన సీ3 ముక్కలు దగ్గర్లో ఏ కణం ఉంటే దాని ఉపరితలానికి అతుక్కుంటాయి. అది బాక్టీరియా కావచ్చు, ఎర్ర రక్తకణం కావచ్చు, లింఫోసైట్ కావచ్చు. బాక్టీరియా మీద ఈ చర్య మంటలా పాకుతుంది, సొంత కణాల మీద ఆగిపోతుంది. సొంత కణాల పొర మీద ఈ చర్యను అడ్డుకునే ప్రత్యేక ప్రోటీన్లు ఉండటమే అందుకు కారణం. అవి లేకపోతే కంచే చేను మేసినట్టు అవుతుంది.

హెచ్‌ఐవీ సోకినవారి లింఫోసైట్ల మీద ఈ రక్షక ప్రోటీన్లలో కొన్ని తగ్గిపోతాయని 1980ల చివరి నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. వైరస్ మాత్రం అవే ప్రోటీన్లను మనిషి కణం నుంచి తీసుకుని తన ఒంటికి చుట్టుకుంటుంది. ఈ రెండు సంగతుల మధ్య సంబంధం ఏమిటి, వైరస్ ప్రధానంగా దెబ్బతీసే సీడీ4 లింఫోసైట్ల (సీడీ4 కణాల) క్షయంలో దాని వంతు ఎంత అన్నదే ఈ సమీక్ష పరిధి.

కాంప్లిమెంట్ దాడి, దానికి అడ్డుకట్ట

యాంటీబాడీలు ఉన్న రక్తద్రవాన్ని కాస్త వేడిచేస్తే బాక్టీరియాను చంపే శక్తి పోతుందనీ, తాజా రక్తద్రవం కలిపితే ఆ శక్తి తిరిగి వస్తుందనీ 1890లలో బెల్జియం శాస్త్రవేత్త జూల్ బోర్డే చూపించాడు. వేడికి చెడిపోయే ఆ భాగమే నేటి కాంప్లిమెంట్. ఆ పేరు పెట్టినది పాల్ ఎర్లిక్. బోర్డేకు 1919 నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పటికీ ప్రయోగశాలల్లో కాంప్లిమెంట్‌ను నిర్వీర్యం చేయాలంటే రక్తద్రవాన్ని 56 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట ఉంచుతారు.

ఈ వ్యవస్థ మూడు దారుల్లో మేలుకొంటుంది. యాంటీబాడీ అతుక్కున్న చోటును సీ1క్యూ అనే ప్రోటీన్ గుర్తిస్తే మొదలయ్యేది క్లాసికల్ మార్గం. సూక్ష్మజీవుల పైనుండే కొన్ని చక్కెర అణువులను మానోజ్ బైండింగ్ లెక్టిన్ పట్టుకుంటే మొదలయ్యేది లెక్టిన్ మార్గం. పైన చెప్పినట్టు సీ3 దానంతటదే చురుకెక్కడం నుంచి పుట్టేది ఆల్టర్నేటివ్ మార్గం. మూడూ సీ3ని చీల్చే ఎంజైమ్ వద్ద కలుస్తాయి. చీలగా వచ్చిన సీ3బీ ముక్కలు లక్ష్యాన్ని కప్పేస్తాయి. వాటిని గుర్తుపట్టిన భక్షక కణాలు ఆ లక్ష్యాన్ని మింగేస్తాయి. చివరి అంకంలో సీ5బీ, సీ6, సీ7, సీ8 ఒకదాని వెంట ఒకటి చేరతాయి, ఆ తర్వాత 18 వరకు సీ9 అణువులు వలయంగా కూర్చుంటాయి. పొరలో సుమారు 10 నానోమీటర్ల వెడల్పు రంధ్రం పడుతుంది. దీన్నే మెంబ్రేన్ అటాక్ కాంప్లెక్స్ అంటారు. ఎర్ర రక్తకణం ఇలాంటి దెబ్బకు త్వరగా పగిలిపోతుంది. కేంద్రకం ఉన్న కణం మాత్రం కొన్ని రంధ్రాలను ఆ పొర ముక్కతో సహా వదిలించుకుని బతికిపోగలదు. లింఫోసైట్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను మరవకూడదు.

సొంత కణాలను కాపాడే ప్రోటీన్లలో నాలుగు ముఖ్యమైనవి. సీడీ55 (మొదటి పేరు డీకే యాక్సిలరేటింగ్ ఫ్యాక్టర్) సీ3ని చీల్చే ఎంజైమ్‌ను త్వరగా విడగొట్టేస్తుంది. సీడీ46 సహాయంతో ఫ్యాక్టర్ ఐ అనే ఎంజైమ్ సీ3బీ, సీ4బీలను కోసి పనికిరాకుండా చేస్తుంది. సీఆర్1 ఈ రెండు పనులూ చేయగలదు. సీడీ59 అన్నిటికన్నా చివరి కాపలా: సీ8, సీ9లను పట్టుకుని రంధ్రం పూర్తికాకుండా ఆపుతుంది. సీడీ55, సీడీ59 కణపొరలోకి చొచ్చుకుపోవు. జీపీఐ అనే కొవ్వు లంగరుతో పై అంచుకు మాత్రమే వేలాడుతుంటాయి. అందుచేత అవి పొరలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉండే లిపిడ్ రాఫ్టుల్లో గుమిగూడతాయి. హెచ్‌ఐవీ కథలో ఈ చిన్న వివరానికి పెద్ద ప్రాధాన్యం ఉంది.

ఈ రక్షణ విలువ ఎంతో అరుదైన జబ్బులు చెబుతాయి. పారాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా అనే వ్యాధిలో ఎముక మజ్జ మూలకణంలో పిగ్-ఏ జన్యువు చెడిపోతుంది. జీపీఐ లంగరు తయారుకాదు, సీడీ55, సీడీ59 రెండూ పొర మీదికి చేరవు. ఫలితంగా రోగి సొంత కాంప్లిమెంట్ చేతుల్లోనే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పుట్టుకతో సీడీ55 ఒక్కటే లేని ఇనాబ్ రక్తవర్గం వారికి ఇలాంటి రక్తనాశనం కనిపించలేదు. సీడీ59 ఒక్కటే లేని రోగి జపాన్‌లో బయటపడినప్పుడు అతనిలో అది కనిపించింది. ఎర్ర రక్తకణం విషయంలో సీడీ59ది నిర్ణాయక పాత్ర అని దీంతో తేలింది. సీడీ55 లోపం కొందరి పేగులో వేరే తీవ్రమైన జబ్బుకు దారితీస్తుందని 2017లో వెల్లడైంది. కాబట్టి ఒక ప్రోటీన్ తగ్గినంత మాత్రాన ప్రతి కణం మీదా ఒకే ఫలితం ఉంటుందనుకోవడం పొరపాటు.

వైరస్ మీద కాంప్లిమెంట్ ఎందుకు ఓడిపోతుంది

హెచ్‌ఐవీ కాంప్లిమెంట్‌ను మేల్కొల్పడానికి యాంటీబాడీల కోసం ఎదురుచూడదు. వైరస్ పైపొరలోని జీపీ41 ప్రోటీన్‌కు సీ1క్యూ నేరుగా అతుక్కుంటుందని 1990ల ఆరంభంలో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ పరిశోధకులు చూపించారు. చక్కెరలతో నిండిన జీపీ120 మానోజ్ బైండింగ్ లెక్టిన్‌ను ఆకర్షిస్తుంది. సోకిన కొన్ని వారాలకు యాంటీబాడీలు పుట్టుకొస్తాయి, వాటితో క్లాసికల్ మార్గం ఇంకా చురుకెక్కుతుంది. కాబట్టి రక్తంలో తిరిగే వైరస్ కణాల మీద సీ3 ముక్కలు పేరుకుంటాయి.

ఇంత జరిగినా వైరస్ పెద్దగా పగలదు. ఇది ఆశ్చర్యకరం. ఎందుకంటే జంతువుల రెట్రోవైరస్‌లను మనిషి రక్తద్రవం పగలగొడుతుందని 1975లోనే తేలింది. అదే కుటుంబానికి చెందిన హెచ్‌ఐవీ తప్పించుకోవడానికి కారణం దాని పుట్టుక తీరులో ఉంది. వైరస్ తాను పెరిగిన కణపొరను చీల్చుకుని బయటికి రాదు. ఆ పొరతోనే మొగ్గలా ఉబికి తెగి బయటపడుతుంది. మొగ్గ తొడిగే చోటు ఎక్కువగా లిపిడ్ రాఫ్టులే. అక్కడ గుమిగూడిన సీడీ55, సీడీ59 వైరస్ పైపొరలో చేరిపోతాయి. సీడీ46 కూడా కొంత చేరుతుంది. 1990ల మధ్యలో అమెరికా, ఆస్ట్రియా పరిశోధకులు ఈ ప్రోటీన్లను వైరస్ మీదే కనుగొన్నారు. వాటిని యాంటీబాడీలతో మూసివేసినప్పుడు గానీ, వాటి జీపీఐ లంగరును ఎంజైమ్‌తో కోసేసినప్పుడు గానీ కాంప్లిమెంట్ చేతిలో వైరస్ పగిలిపోయింది. ప్రోటీన్ అక్కడ ఉందని చూపడం ఒక ఎత్తు. దాన్ని తీసేస్తే రక్షణ పోతుందని చూపడం మరో ఎత్తు. ఈ రెండో మెట్టు ఎక్కినందుకే ఈ నిరూపణ గట్టిగా నిలిచింది.

ఇదొక్కటే కాదు. రక్తద్రవంలో కరిగి ఉండే ఫ్యాక్టర్ హెచ్ అనే నియంత్రకాన్ని కూడా వైరస్ తన జీపీ41 సాయంతో ఒంటికి అంటించుకుంటుంది. ఫ్యాక్టర్ హెచ్ తీసేసిన రక్తద్రవంలో వైరస్ నాశనం గణనీయంగా పెరుగుతుంది.

పగలని వైరస్‌కు సీ3 ముక్కల పూత నష్టం కాదు, లాభం. లింఫ్ గ్రంథుల్లోని ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాలకు సీడీ21 అనే గ్రాహకం ఉంటుంది. దాని పని సీ3 ముక్కల పూత ఉన్నవాటిని పట్టి ఉంచడం. వైరస్ అక్కడ చిక్కుకుని నెలల తరబడి సంక్రమణ శక్తితో నిలిచి ఉండగలదు. ఆ పక్కనుంచే సీడీ4 కణాలు నిత్యం రాకపోకలు సాగిస్తుంటాయి. కొన్ని రకాల కణాలలో కాంప్లిమెంట్ తోడైన యాంటీబాడీలు వైరస్ సోకడాన్ని అడ్డుకోకపోగా మరింత పెంచాయని 1980ల చివరి నుంచే ప్రయోగశాల పరిశోధనలు చెప్పాయి.

రోగి కణాల మీద కనిపించే మార్పు

1989లో మైఖేల్ లెడర్‌మన్, ఎడ్వర్డ్ మెడాఫ్ బృందం ఎయిడ్స్ రోగుల లింఫోసైట్ల మీద సీడీ55 తగ్గిందని, ఆ కణాలు ఆరోగ్యవంతుల కణాల కన్నా కాంప్లిమెంట్ దాడికి సులువుగా లోబడుతున్నాయని ప్రకటించింది. 1992లో లారెన్స్ వైస్ బృందం హెచ్‌ఐవీ ఉన్నవారి టి లింఫోసైట్ల మీద సీడీ59 తగ్గుదలను నివేదించింది. ఎర్ర రక్తకణాల మీది సీఆర్1 కూడా ఎయిడ్స్ దశలో తగ్గుతుందని అప్పటికే, అంటే 1980ల నడుమే, పరిశీలకులు గుర్తించారు.

ఇలాంటి కొలతలు ఎలా చేస్తారో తెలిస్తే వాటి బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. రక్తంలోంచి వేరుచేసిన లింఫోసైట్లకు సీడీ55ను గానీ సీడీ59ను గానీ పట్టుకునే యాంటీబాడీని కలుపుతారు. దానికి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణం లేజర్ ముందు నుంచి వెళుతుంటే అది ఎంత వెలిగిందో యంత్రం నమోదు చేస్తుంది. వేల కణాల వెలుగును ఒక్కచోట చేర్చి చూస్తారు. సగటు వెలుగు తగ్గితే ప్రోటీన్ తగ్గినట్టు. ఆ తర్వాత అవే కణాలను చంపే యాంటీబాడీతో పాటు తాజా రక్తద్రవంలో ఉంచి, ఎన్ని చచ్చాయో లెక్కిస్తారు. వేడిచేసిన రక్తద్రవంతో అదే పరీక్షను పక్కన నడుపుతారు. అక్కడ చావులు లేకుంటే ఆ పని కాంప్లిమెంట్‌దే అని తేలుతుంది. పరీక్షలో ఏ జంతువు రక్తద్రవం వాడారన్నది కూడా ముఖ్యమే. కుందేలు కాంప్లిమెంట్‌ను మనిషి సీడీ55, సీడీ59 సరిగా ఆపలేవు. అందువల్ల కుందేలు రక్తద్రవంలో మనిషి కణాలు తేలిగ్గా చస్తాయి. ఆ ఫలితాన్ని నేరుగా మనిషి శరీరానికి అన్వయించడం తగదు.

సగటు వెలుగు తగ్గడానికి ఒకటి కన్నా ఎక్కువ కారణాలు ఉండొచ్చు. ప్రతి కణం మీదా ప్రోటీన్ కొంత తగ్గి ఉండొచ్చు. లేదా ఎక్కువ ప్రోటీన్ ఉన్న రకం కణాలు చచ్చిపోయి, తక్కువ ఉన్న రకం మిగిలి ఉండొచ్చు. హెచ్‌ఐవీలో సీడీ4 కణాలు తగ్గి సీడీ8 కణాలు పెరుగుతాయి, అలసిపోయిన కణాల వాటా పెరుగుతుంది. ఈ కూర్పు మార్పును విడదీయకుండా సగటు ఒక్కదాని మీద ఆధారపడితే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. తొలినాటి పరిశోధనల్లో రోగుల సంఖ్య తక్కువ. పైగా అవి వైరస్‌ను అణచే మిశ్రమ ఏఆర్‌టీ మందులు రాకముందు, వ్యాధి ముదిరిన దశలో చేసినవి.

తగ్గుదల నిజమే అనుకుంటే దానికి దారి ఏది? ఒక ఊహ వైరస్ మొగ్గలతో ముడిపడింది: ప్రతి మొగ్గా కొంత సీడీ55ను, సీడీ59ను తనతో పట్టుకుపోతుంది గనుక కణం మీద అవి కరవవుతాయి. వినడానికి ఇది చక్కగా ఉంటుంది. కానీ ఏ సమయంలో చూసినా రక్తంలోని సీడీ4 కణాల్లో వైరస్ సోకినవి స్వల్ప భాగమే. మొత్తం లింఫోసైట్ల సగటును దించేంత పని వాటితో కాదు. కాబట్టి ఈ వివరణ ఒక్కటే చాలదు. వైరస్ సోకని కణాలలోనూ మార్పు తెచ్చే కారణం ఏదో ఉండాలి. ఎడతెగని వాపు, రోగనిరోధక వ్యవస్థ నిత్య ఉద్రేకం, ఆ ఉద్రేకంలో మారిపోయే కణాల తయారీ తీరు ఈ జాబితాలో ముందుంటాయి. సీఆర్1 విషయంలో మాత్రం దారి స్పష్టంగానే ఉంది. యాంటీబాడీ, వైరస్, సీ3 కలిసిన ముద్దలను ఎర్ర రక్తకణాలు సీఆర్1తో పట్టుకుని కాలేయానికి చేరుస్తాయి. అక్కడ ఆ ముద్దను అప్పగించేటప్పుడు సీఆర్1 కూడా తెగిపోతుంది. ముద్దలు పెరిగేకొద్దీ సీఆర్1 తరుగుతుంది.

వైరస్ సోకిన కణం కథ వేరు

రోగి లింఫోసైట్ల మీద సగటున రక్షణ తగ్గిందన్నంత మాత్రాన వైరస్ తయారుచేస్తున్న కణాలు కాంప్లిమెంట్‌కు సులువుగా దొరికిపోతాయని కాదు. అలాంటి కణం పొర మీద జీపీ120, జీపీ41 బయటికి కనిపిస్తాయి. రోగి యాంటీబాడీలు వాటికి అతుక్కుంటాయి, కాంప్లిమెంట్ మేలుకొంటుంది. అయినా కణం చాలావరకు బతికే ఉంటుంది. 1995లో వెలువడిన ఒక ముఖ్యమైన పరిశోధన దీనికి కారణం చూపింది. హెచ్‌ఐవీ రోగుల రక్తద్రవంలోని యాంటీబాడీలు వైరస్ ఉన్న కణాలను కాంప్లిమెంట్ సాయంతో చంపగలవా లేదా అన్నది సీడీ55, సీడీ59 చేతుల్లోనే ఉందని తేలింది. వాటిని మూసివేస్తే కణాలు చచ్చాయి, వదిలేస్తే బతికాయి. అంటే మిగిలిన రక్షణ కూడా వైరస్ కర్మాగారాన్ని కాపాడటానికి సరిపోతుంది.

రక్షణ తగ్గిన కణాల్లో ఎక్కువ ప్రమాదం వైరస్ సోకని కణాలకే ఉండొచ్చు. వైరస్ నుంచి ఊడిపోయిన జీపీ120 ఆరోగ్యంగా ఉన్న సీడీ4 కణాల గ్రాహకానికి అతుక్కుంటుంది. యాంటీబాడీలు వచ్చి దాని మీద చేరతాయి. సీడీ55, సీడీ59 పూర్తి స్థాయిలో ఉన్న కణం దీన్ని తట్టుకుంటుంది, తక్కువ ఉన్న కణం ఓడిపోవచ్చు. ప్రయోగశాలలో ఈ గొలుసులోని ఒక్కో మెట్టుకూ ఆధారం ఉంది. రోగి శరీరంలో సీడీ4 కణాల క్షయానికి ఇది ఎంత కారణమన్నది మాత్రం ఎవరూ కొలిచి చూపలేదు.

ఇక్కడ తూకం తప్పకూడదు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ శాస్త్రవేత్తలు లింఫ్ కణజాలంలో చచ్చిపోతున్న సీడీ4 కణాల్లో 95 శాతానికి పైగా పైరాప్టోసిస్ అనే వాపుతో కూడిన ఆత్మనాశనానికి గురవుతున్నాయని చూపించారు. వైరస్ ఆ కణాల్లోకి చొరబడి మధ్యలో ఆగిపోవడమే ఆ మరణానికి కారణం. దీనికి కాంప్లిమెంట్ అక్కర్లేదు. కాబట్టి సీడీ55, సీడీ59 తగ్గుదలను సీడీ4 క్షయానికి మూలకారణంగా ప్రకటించే వ్యాసాలను జాగ్రత్తగా చదవాలి. అదొక తోడు కారణం కావచ్చు. అంతకు మించి చెప్పడానికి ఆధారం లేదు.

ఈ ప్రోటీన్ల పని కాంప్లిమెంట్‌ను ఆపడంతోనే అయిపోదు. సీడీ46 టి కణాలకు సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతం అందిన టి కణాలు వాపును అణచే ఐఎల్-10ను విడుదల చేసే నియంత్రణ కణాలుగా మారగలవని 2003లో తెలిసింది. పొర మీది రక్షక ప్రోటీన్ మారితే కణం చావు బతుకులే కాదు, దాని నడవడి కూడా మారుతుంది. హెచ్‌ఐవీలో ఈ కోణం మీద జరగాల్సిన పని చాలా ఉంది.

చికిత్స ఆశలు, వాటి హద్దులు

కాంప్లిమెంట్ పూర్తిగా చేతులెత్తేయలేదు. హెచ్‌ఐవీ సోకిన తొలి దశలో రోగి రక్తద్రవానికి అతని సొంత వైరస్‌ను పగలగొట్టే శక్తి ఎంత ఎక్కువుంటే రక్తంలో వైరస్ సంఖ్య అంత తక్కువగా ఉందని 2006లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు గమనించారు. 16,000 మందికి పైగా పాల్గొన్న థాయ్‌లాండ్ టీకా పరీక్ష ఆర్‌వీ144 ఫలితాలు 2009లో వెలువడ్డాయి. అందులో సంక్రమణ 31 శాతం తగ్గింది. ఆ రక్షణకు ఏ యాంటీబాడీలు తోడ్పడ్డాయో వెతికినప్పుడు, కాంప్లిమెంట్‌ను మేల్కొల్పే రకం యాంటీబాడీలు కూడా పరిశీలనకు వచ్చాయి.

వైరస్ కవచాన్ని ఒలిచివేస్తే? ఈ ఆలోచనతో 2010లో ఒక బృందం స్ట్రెప్టోకాకస్ ఇంటర్మీడియస్ అనే బాక్టీరియా విషం నుంచి ఒక ముక్కను వాడింది. ఇంటర్మీడిలైసిన్ అనే ఆ విషం మనిషి సీడీ59ను మాత్రమే పట్టుకుంటుంది. అందులోని నాలుగో భాగాన్ని వేరు చేస్తే విషం పోయి, సీడీ59ను మూసే గుణం మిగులుతుంది. దాన్ని కలిపినప్పుడు యాంటీబాడీలు, కాంప్లిమెంట్ కలిసి వైరస్‌ను, వైరస్ ఉన్న కణాలను మరింత బాగా నాశనం చేశాయి. నిద్రాణంగా దాగిన వైరస్‌ను మందులతో లేపి, లేచిన కణాన్ని చంపాలనే వ్యూహానికి ఇలాంటి పరికరం తోడ్పడొచ్చు.

అడ్డంకి మాత్రం చిన్నది కాదు. ఒంట్లో అన్నిచోట్లా సీడీ59ను మూసేస్తే పారాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియాను చేజేతులా తెచ్చిపెట్టినట్టే. వైరస్ మొలకెత్తుతున్న పొర మీద మాత్రమే పనిచేసేలా, ఒక చేత్తో జీపీ120ని, మరో చేత్తో సీడీ59ను పట్టే రెండు చేతుల యాంటీబాడీలు దీనికి ఒక దారి కావచ్చు. వాటిని ప్రయోగశాల దాటించడం తేలిక కాదు. కాంప్లిమెంట్‌ను ఆపే ఎకులిజుమాబ్ వంటి మందులు 2007 నుంచి ఆ రక్తనాశన వ్యాధికి వాడుకలో ఉన్నాయి. వాటి వాడకంలో మెనింజోకాకస్ ఇన్ఫెక్షన్ ముప్పు బాగా పెరుగుతుంది గనుక ముందే టీకా వేస్తారు. కాంప్లిమెంట్‌ను అటు ఆపినా ఇటు వదిలినా మూల్యం చెల్లించాల్సిందే.

భారతదేశానికి సంబంధించి ఒక లోటును ప్రస్తావించాలి. తొలినాటి కాంప్లిమెంట్ ప్రయోగాలకు విరివిగా వాడిన ఐఐఐబీ, ఎంఎన్ వంటి ప్రయోగశాల వైరస్‌లు బి ఉపరకానికి చెందినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా దేశంలో వ్యాపించినది ప్రధానంగా సి ఉపరకం. పైపొర ప్రోటీన్లు ఉపరకాన్ని బట్టి మారతాయి. కాబట్టి సీ1క్యూ, ఫ్యాక్టర్ హెచ్ అతుక్కునే తీరును, లింఫోసైట్ల మీద సీడీ55, సీడీ59 స్థాయిలను ఇక్కడి రోగుల్లోనే, మందులు మొదలుపెట్టక ముందూ ఆ తర్వాతా, కణాల రకాలవారీగా విడదీసి కొలవాలి. సీడీ4 పరీక్ష కోసం ఫ్లో సైటోమీటర్లు ఉన్న ప్రయోగశాలలకు ఇది సాధ్యమయ్యే పనే.

కాంప్లిమెంట్ రక్షణను లక్ష్యంగా చేసుకున్న మందు ఏదీ ఇప్పటివరకు హెచ్‌ఐవీ చికిత్సకు ఆమోదం పొందలేదు. వైరస్ సంఖ్యను రక్తపరీక్షకు అందనంతగా తగ్గించి సీడీ4 కణాలను కోలుకోనిచ్చేది ఏఆర్‌టీ మాత్రమే. మన దేశంలోని ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో 2004 ఏప్రిల్ 1 నుంచి అది ఉచితంగా అందుతోంది. 2017 నుంచి సీడీ4 సంఖ్య ఎంతున్నా, హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ దాన్ని మొదలుపెడుతున్నారు.